డెబ్బైల నాటి తెలుగువాళ్ళ బట్టలు: బెల్ బాటమ్ నుంచి నైలాన్ చీర దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

కాలేజీ రెట్రో డే, షష్టిపూర్తిలో పిల్లలు వేసే నాటిక, షార్ట్ ఫిల్మ్ షూటింగ్... సందర్భం ఏదైనా డెబ్బైల బట్టల గురించి అడిగే సందేహాలు మాత్రం అవే. అందుకే అన్నీ ఒకచోట చేర్చాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు, వరసగా చదవాల్సిన పని లేదు. ఒక్క మాట మాత్రం ముందే చెప్పేస్తాను. ఆ పదేళ్ళ ఫ్యాషన్‌ను సినిమాలే తెచ్చాయంటే నేను ఒప్పుకోను. ముందు గుడ్డ మారింది, దాన్ని బట్టి కుట్టు మారింది. ఏం కుట్టించుకోవాలో చూపించింది సినిమా.

## మొదలుపెట్టే ముందు

డెబ్బైల ఫ్యాషన్ అంటే సరిగ్గా ఏ సంవత్సరాలు పట్టుకోవాలి?

క్యాలెండర్ ప్రకారం 1970 నుంచి 1979. బట్టలు మాత్రం క్యాలెండర్ చూసి మారవు. 1970లో మన ఊళ్ళ కుర్రాళ్ళు ఇంకా అరవైల నాటి గొట్టం ప్యాంట్లలోనే ఉన్నారు. కింద 14 అంగుళాలు కూడా లేని ఆ ప్యాంట్లలో కాలు దూర్చడమే ఒక పని. బెల్ బాటమ్ ఊపు 1973 ప్రాంతంలో అందుకుని దశాబ్దం చివరిదాకా సాగింది. ఎనభైలు మొదలయ్యాక ప్యాంటు కింద మళ్ళీ సన్నబడి, నడుము దగ్గర కుచ్చిళ్ళు వచ్చాయి. మీ కథ 1971లో జరుగుతోందా, 1978లోనా అన్నది ముందు తేల్చుకోండి. ఆ రెంటికీ బట్టల్లో చాలా తేడా ఉంది.

ఆ రోజుల్లో అందరూ బెల్ బాటమ్‌లే వేసుకునేవారా?

లేదు. పట్నంలో చదువుకునే కుర్రాళ్ళు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళు, చేతిలో నాలుగు డబ్బులు ఆడేవాళ్ళు వేసుకున్నారు. వాళ్ళ నాన్నలు పంచె, చొక్కా, భుజాన కండువాతోనే ఉన్నారు. గుమాస్తాలు, మాస్టార్లు మామూలు వెడల్పు ప్యాంటులో చొక్కా టక్ చేసుకుని తిరిగారు. ఇంట్లో అయితే అందరిదీ లుంగీయే. పాత ఆల్బమ్ చూసి జనమంతా అలాగే ఉండేవారనుకుంటే పొరపాటే. స్టూడియోకి వెళ్ళేటప్పుడు ఉన్నవాటిలో మంచివి వేసుకుని, అవసరమైతే స్నేహితుడి చొక్కా అడిగి తెచ్చుకుని మరీ వెళ్ళేవారు. మీ నాటికలో పదిమంది ఉంటే ముగ్గురికి బెల్ బాటమ్ వేయండి, చాలు. పదిమందికీ వేస్తే ఫ్యాన్సీ డ్రెస్ పోటీ అయిపోతుంది.

ఫోటోలన్నీ బ్లాక్ అండ్ వైటే. అప్పటి రంగులు ఎలా తెలుస్తాయి?

ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. ఆ చొక్కా రంగు వాళ్ళకు ఈ రోజుకీ గుర్తుంటుంది. అడిగే మనిషి లేకపోతే ఈ రంగులు పట్టుకోండి: మగవాళ్ళ ప్యాంట్లకు కాఫీ రంగు, సీసా పచ్చ, మెరూన్, బూడిద రంగు. చొక్కాలకు ఆవపిండి పసుపు, నారింజ, లేత నీలం, పెద్ద పువ్వులు, పెద్ద గళ్ళు. చీరలకు చిలకపచ్చ, రాణీ రంగు, వంగపండు రంగు. సింథటిక్ గుడ్డ మీద రంగు గాఢంగా పట్టేది, ఎన్ని ఉతుకులకైనా వెలిసేది కాదు. పైగా ఆ పదేళ్ళలోనే తెలుగు సినిమా నలుపు తెలుపుల నుంచి ఈస్ట్‌మన్ కలర్‌లోకి పూర్తిగా మారుతోంది. తెర మీద రంగు కనిపించాలని కాస్ట్యూమ్‌లు కూడా కళ్ళు చెదిరేలా కుట్టేవారు.

ఇదంతా సినిమా ప్రభావమేనా?

సగం మాత్రమే. సినిమాలో చూసినంత మాత్రాన చొక్కా ఒంటి మీదకు వచ్చేయదు. దానికి గుడ్డ కావాలి, కుట్టే టైలర్ కావాలి, కుట్టుకూలి ఇవ్వాలి. అరవైల చివర్లో సింథటిక్ గుడ్డ చిన్న పట్నాల కొట్లకూ చేరింది. రెడీమేడ్ బట్టలు ఇంకా అంతగా దొరకవు. దొరికినా వాటిని చవకబారువిగా చూసేవారు. కాబట్టి ఫ్యాషన్ అంతా టైలర్ చేతి మీదే ఆధారపడింది. టైలర్ సినిమాకు వెళ్ళి హీరో కాలర్ గమనించి వచ్చేవాడు. కుర్రాడు పోస్టర్ చూపించి అలాంటిదే కావాలనేవాడు. ఇద్దరి మధ్య బేరం కుదిరాక వచ్చేది హీరో చొక్కా కాదు, టైలర్ అర్థం చేసుకున్న హీరో చొక్కా. అందుకే ఒకే సినిమా చూసిన గుంటూరు కుర్రాడి కాలరూ వరంగల్ కుర్రాడి కాలరూ ఒకేలా ఉండవు. నాకు ఆ దశాబ్దంలో బాగా నచ్చే సంగతి ఇదే.

## గుడ్డ సంగతులు

టెర్లిన్, టెరికాటన్, పాలిస్టర్ ఒకటేనా వేరువేరా?

పాలిస్టర్ అనేది అసలు దారం, పత్తితో కాకుండా కృత్రిమంగా తయారు చేసింది. 1941లో బ్రిటన్‌లో కనిపెట్టినప్పుడు దానికి టెరిలిన్ అని పేరు పెట్టారు. మన నోళ్ళలో పడి అది టెర్లిన్ అయింది. మనదేశంలో అరవైల్లో టెరీన్ పేరుతో తయారైంది. ఆ దారాన్ని పత్తితో కలిపి నేస్తే టెరికాటన్. సాధారణంగా మూడింట రెండు వంతులు పాలిస్టర్, ఒక వంతు పత్తి ఉండేది. ఉన్నితో కలిపితే టెరీవుల్, అది సూట్లకు. రోజువారీ చొక్కాలకూ ప్యాంట్లకూ ఎక్కువగా వాడింది టెరికాటనే.

ఉక్కపోతతో చచ్చే మన ఊళ్ళల్లో పాలిస్టర్ ఎలా వేసుకున్నారండీ?

చెమట పట్టేది, ఒంటికి అతుక్కునేది, అయినా వేసుకున్నారు. కారణం చాలా మామూలుది. నూలు చొక్కా అంటే గంజి పెట్టాలి, ఇస్త్రీ చేయించాలి, మధ్యాహ్నానికే నలిగిపోతుంది. టెర్లిన్ చొక్కా రాత్రి ఉతికి దండెం మీద వేస్తే పొద్దున్నే వేసుకుని ఆఫీసుకు వెళ్ళొచ్చు. రెండు జతలతో ఏడాది నెట్టుకొచ్చేవాడికి ఇది ఎంత సుఖమో ఆలోచించండి. చిరగదు, వెలవదు, అన్న వదిలేసింది తమ్ముడికి పనికొచ్చేది.

దీనికి హోదా కూడా తోడైంది. కృత్రిమ నూలు మీద ప్రభుత్వం భారీగా ఎక్సైజ్ సుంకం వేసేది. దాన్ని డబ్బున్నవాళ్ళ గుడ్డగానే లెక్కగట్టేవారు. రేషన్ పద్ధతిలో చవకగా అమ్మే ముతక నూలు బట్టకు కంట్రోలు గుడ్డ అని పేరు. కంట్రోలు గుడ్డ వేసుకున్నవాడి పక్కన టెర్లిన్ చొక్కా వేసుకున్నవాడు నిలబడితే ఎవరి స్థితి ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఇప్పుడు కాటన్ ఖరీదై, పాలిస్టర్ చవకైంది కాబట్టి మనకు ఆ లెక్క అర్థం కాదు.

అప్పట్లో పేరున్న బ్రాండ్లు ఏవి?

బిన్నీ, మఫత్‌లాల్, బాంబే డయింగ్, రేమండ్, గ్వాలియర్ సూటింగ్స్, దినేష్. చీరల్లో, సూటింగ్స్‌లో విమల్ పేరు ఈ దశాబ్దంలోనే పైకి వచ్చింది. రిలయన్స్ వాళ్ళు గుజరాత్‌లోని నరోడాలో 1966లో పెట్టిన మిల్లు గుడ్డ అది. మీ నాటికలో కొట్టు సీను ఉంటే గోడ మీద వీటిలో ఒకటి రెండు పేర్లు రాయించండి, కాలం పట్టుబడుతుంది.

మరి చేనేత ఏమైపోయింది?

గట్టి దెబ్బే తగిలింది. రోజూ కట్టుకునే నేత చీర స్థానంలోకి నైలాన్, పాలిస్టర్ చీరలు వచ్చేశాయి. చవకరకం చీరలూ పంచెలూ నేసే మగ్గాల మీదే ఆ దెబ్బ ఎక్కువగా పడింది. వాళ్ళకు పని కల్పించాలని 1976లో కేంద్రం జనతా వస్త్రాల పథకం పెట్టి, సబ్సిడీ మీద ముతక చీరలూ పంచెలూ నేయించింది. గద్వాల, వెంకటగిరి, ధర్మవరం చీరలు మాత్రం పెళ్ళిళ్ళలో తమ చోటు వదులుకోలేదు. పోచంపల్లి ఇక్కత్ సంగతి మరీ వేరు. నగరాల్లో చదువుకున్న ఆడవాళ్ళు, ముఖ్యంగా ఢిల్లీ వైపువాళ్ళు, దాన్ని ఇష్టపడి కట్టారు. ఇందిరాగాంధీ ఎప్పుడూ చేనేత చీరల్లో కనిపించడం కూడా వాళ్ళకు ఒక ధైర్యం. కాబట్టి మీ కథలో లెక్చరరమ్మ ఉంటే నైలాన్ చీర కాకుండా ఇక్కత్ కట్టించండి, నప్పుతుంది.

బీరువాలో దొరికిన పాత గుడ్డ ఏ రకమో ఎలా తెలుసుకోవాలి?

లోపలి మడతలోంచి ఒక్క దారప్పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని సింక్ దగ్గర కాల్చి చూడండి. నూలు అయితే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద మిగులుతుంది. పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన. పాలిస్టర్, నైలాన్ అయితే కరిగి, చల్లారాక గట్టి పూసలా ముద్ద కడతాయి. టెరికాటన్‌లో రెండు లక్షణాలూ కనిపిస్తాయి. కరిగిన చుక్క వేలి మీద పడితే చర్మానికి అతుక్కుంటుంది, చేత్తో పట్టుకోవద్దు.

## మగవాళ్ళ బట్టలు

బెల్ బాటమ్ అసలు ఎక్కడిది?

ఓడల మీద పనిచేసేవాళ్ళది. అమెరికా నౌకాదళంలో నావికులు 19వ శతాబ్దం నుంచే కింద వెడల్పుగా ఉండే ప్యాంట్లు వేసుకునేవారు. డెక్ కడిగేటప్పుడు పైకి మడుచుకోవడం తేలిక. 1960లలో అక్కడి హిప్పీ కుర్రకారు సైన్యం వదిలించుకున్న పాత బట్టలు చవకగా కొనుక్కుని తొడుక్కోవడంతో అది ఫ్యాషన్ అయింది. అక్కణ్ణుంచి పాటల బృందాలు, టీవీ షోలు, హాలీవుడ్, ఆ తర్వాత బొంబాయి, ఆఖరికి మద్రాసు స్టూడియోల మీదుగా మన ఊరి టైలర్ కత్తెర కిందికి వచ్చింది.

ప్యాంటు కింద చుట్టూ జిప్పు కుట్టించుకునేవారట, నిజమేనా?

నిజమే. నేలను రాసుకుంటూ నడిచే ప్యాంటు అంచు నెల తిరక్కుండా చిరుగుతుంది. అందుకని అంచు లోపల ఇత్తడి జిప్పులో సగం ముక్క చుట్టూ వేసి కుట్టేవారు. నేలకు రాసుకునేది జిప్పు పళ్ళే కాబట్టి గుడ్డ బతికేది. పైగా ఆ బరువుకు ప్యాంటు చక్కగా కిందికి వేలాడేది. నడుస్తుంటే కింద తళుక్కుమనడం అదనపు లాభం. రోడ్లు ఊడ్చే ప్యాంట్లని పెద్దవాళ్ళు ఊరికే వెక్కిరించలేదు. సైకిల్ తొక్కేటప్పుడు చైన్‌లో ఇరుక్కోకుండా క్లిప్పో రబ్బరు బ్యాండో పెట్టుకోవాల్సి వచ్చేది.

ఇప్పుడు బెల్ బాటమ్ కుట్టించాలంటే టైలర్‌కి ఏం చెప్పాలి?

ముందుగా నడుము. ప్యాంటు బొడ్డు దగ్గర కూర్చోవాలి, ఇప్పటిలా కిందికి జారకూడదు. కుచ్చిళ్ళు వద్దు. తొడ దగ్గర బిగుతుగా, మోకాలి దగ్గర 17, 18 అంగుళాల చుట్టుకొలత ఉంచి, అక్కణ్ణుంచి విప్పుకుంటూ కింద 26 అంగుళాలు పెట్టమనండి. కాస్త ధైర్యం ఉంటే 28. ఇంకా వెడల్పైనవి కూడా ఉండేవి, వాటిని ఎలిఫెంట్ ప్యాంట్లు అనేవారు. పొడవు చూసేటప్పుడు వేసుకోబోయే బూట్లతోనే కొలత ఇవ్వండి. వెనక అంచు మడమను పూర్తిగా కప్పాలి. బెల్టు వెడల్పుది కాబట్టి లూప్‌లు కూడా పెద్దవి పెట్టాలి. పెద్ద పన్నా గుడ్డ అయితే మామూలు ఎత్తు మనిషికి మీటరున్నర తీసుకోండి. పల్చటి కాటన్ తీసుకుంటే గంట ఆకారం నిలవదు. కాస్త బరువున్న పాలిస్టర్ కలిపిన సూటింగే కావాలి.

చొక్కా ఎలా ఉండాలి?

కాలరే ముఖ్యం. కుక్క చెవుల్లా పొడుగ్గా కిందికి వాలే కాలర్లను డాగ్ కాలర్ అనేవారు. చొక్కా ఒంటికి పట్టినట్టు ఉండాలి, పై బొత్తాం ఒకటో రెండో వదిలేయాలి. పండక్కి ఒకే తానులోంచి గుడ్డ చింపించి అన్నదమ్ములందరికీ చొక్కాలు కుట్టించడం ఆ రోజుల్లో మామూలు. మీ నాటికలో పిల్లలుంటే ముగ్గురికీ ఒకే డిజైన్ వేయండి. ప్రేక్షకుల్లో యాభై దాటినవాళ్ళు వెంటనే నవ్వుతారు.

సఫారీ సూటు ఎవరు వేసేవారు?

ఆఫీసర్లు, కాంట్రాక్టర్లు, రాజకీయ నాయకుల వెంట ఉండేవాళ్ళు. ఆఫ్రికాలో వేటకు వెళ్ళే తెల్లదొరల చొక్కాను అరవైల చివర్లో పారిస్ డిజైనర్ ఈవ్ సాన్ లొరాన్ ఫ్యాషన్‌గా మార్చాడు. మన దగ్గర అది పొట్టి చేతుల కోటు, అదే రంగు ప్యాంటుగా స్థిరపడింది. కోటు వేసుకున్న దర్జా ఉంటుంది, టై ఉక్క ఉండదు. కుర్రాడికి మాత్రం వేయకండి, పెళ్ళికొడుకైతే తప్ప.

లాల్చీ, భుజానికి సంచి వేస్తే కమ్యూనిస్టు అయిపోయినట్టేనా?

ఎక్కువగా అలాగే అనుకునేవారు. శ్రీకాకుళం పోరాటం, 1970లో విరసం (విప్లవ రచయితల సంఘం) పుట్టుక, యూనివర్సిటీల్లో విద్యార్థి రాజకీయాలు వీటి మధ్య ముతక లాల్చీ, గడ్డం, నేత సంచి, అరిగిన చెప్పులు ఒక గుర్తింపుగా మారాయి. మెరిసే టెర్లిన్‌ను కావాలని కాదనడం అందులో ఉంది. అయితే లాల్చీ వేసిన ప్రతివాడూ విప్లవకారుడు కాదు. హిందీ సినిమాల్లో రాజేష్ ఖన్నా వేసిన పొట్టి కుర్తాను గురు కుర్తా అని పిలిచి షోకుగా వేసుకున్నవాళ్ళూ బోలెడుమంది. కాంగ్రెస్ ఖద్దరు వేరే సంగతి, అది తెల్లగా, గంజితో నిటారుగా నిలబడుతుంది. మూడూ ఒకే వేదిక మీద కనిపిస్తే గుడ్డను బట్టి మనిషిని పోల్చుకోవాలి. మీ కాస్ట్యూమ్ పని అంతా అదే.

జుట్టు, మీసం, కళ్ళద్దాలు?

చెవుల మీదికి దిగే జుట్టును హిప్పీ క్రాఫు అనేవారు. చెంపల మీదికి వచ్చే జులపాలు తప్పనిసరి. నుదుటి మీద ఒక వంకీ వదిలితే అది శోభన్‌బాబు రింగు. చలువ కళ్ళద్దాలు ముఖంలో సగం ఉండాలి.

కౌబాయ్ టోపీ, బూట్లు వేస్తే తప్పా?

వీధిలో తిరిగే పాత్రకు తప్పే. కృష్ణ నటించిన ‘మోసగాళ్ళకు మోసగాడు’ 1971లో వచ్చి కౌబాయ్ వేషాన్ని తెలుగు తెరకు తెచ్చింది, ఆ తర్వాత అలాంటివి మరికొన్ని వచ్చాయి. అది తెర మీద చూసి ఈలలు వేసే వేషమే కానీ టోపీ పెట్టుకుని కాలేజీకి వెళ్ళేది కాదు. జనంలోకి దిగింది వెడల్పు తోలు బెల్టు, దానికి పెద్ద బకిల్. స్టేజి మీద కృష్ణ పాట ఉంటే మాత్రం నిక్షేపంగా వేయండి.

పెద్ద హీరోలు కూడా బెల్ బాటమ్ వేశారా?

వేశారు. ఎన్టీఆర్ పుట్టింది 1923లో. యాభై దాటాక, 1977 తర్వాతి సాంఘిక చిత్రాల్లో, ఆయన పెద్ద కాలర్లూ బెల్ బాటమ్‌లతో డ్యూయెట్లు పాడారు. రాముడూ కృష్ణుడూ అని దణ్ణం పెట్టుకునే మనిషే వేశాక ఇంట్లో పెద్దవాళ్ళు కొడుకును ఏమని కసురుకుంటారు?

## ఆడవాళ్ళ బట్టలు

చీర చీరే కదా, డెబ్బైల్లో కొత్తగా ఏం మారింది?

చీర ఉండిపోయింది, దాని బరువు మారింది. నైలాన్, నైలెక్స్, జార్జెట్, పాలిస్టర్ చీరలు ఒంటి మీద జారిపోతుంటాయి. నేత చీరలా ఉబ్బెత్తుగా నిలబడవు. అందువల్ల కట్టే తీరే మారింది: కుచ్చిళ్ళు సన్నగా, నడుము దగ్గర బిగించి, పైట ఒంటి పొరగా వదిలేయడం. అంచూ పల్లూ అన్న తేడా లేకుండా చీరంతా పెద్ద పెద్ద పువ్వులూ గీతలూ అచ్చేయడం కూడా అప్పుడే ఎక్కువైంది. నేతలో అది కష్టం, ప్రింటులో చిటికెలో పని. మగవాళ్ళ ఫ్యాషన్ కాళ్ళ దగ్గర కనిపిస్తే, ఆడవాళ్ళది జాకెట్టు మెడ దగ్గరా జుట్టు దగ్గరా కనిపిస్తుంది. చూసే కన్ను అక్కడ పెట్టాలి.

వాణిశ్రీ కొప్పు అంటే ఏమిటి?

తల వెనక ఎత్తుగా, పెద్దగా పెట్టే కొప్పు. ‘ప్రేమనగర్’ 1971లో వచ్చింది. ఆ రోజుల్లో వాణిశ్రీ కట్టిన చీర, పెట్టిన కొప్పు, తీర్చిన కాటుక ఊరూరా నమూనాలు అయ్యాయి. జుట్టును ఎత్తుగా నిలిపే పద్ధతి అరవైల పాశ్చాత్య ఫ్యాషనే, కానీ దాని చుట్టూ మల్లెపూల దండ చుట్టగానే అది మనదైపోయింది. సొంత జుట్టుతో అంత కొప్పు రాదు కాబట్టి లోపల సవరం పెట్టేవారు. కంటి చివర కాటుక తోక, నుదుట సీసా తిలకంతో దిద్దిన బొట్టు ఉంటే వేషం పూర్తయినట్టే. అంటించే స్టిక్కర్ బొట్టు మాత్రం వద్దు.

బుట్ట చేతుల జాకెట్టు వేయొచ్చా?

అందరూ మొదట అదే తెస్తారు. బుట్ట చేతులు ఎక్కువగా యాభైల నాటి సావిత్రి కాలంవి, మళ్ళీ ఎనభైల్లో తిరిగొచ్చాయి. డెబ్బైల జాకెట్టు ఒంటికి పట్టినట్టు, చేతులు పొట్టిగా, వీపు కాస్త వెడల్పుగా ఉంటుంది. చేతుల్లేని జాకెట్టు హీరోయిన్లకూ నగరాల్లో ధైర్యస్థులకూ పరిమితం. పల్లెటూరి బామ్మ పాత్ర అయితే అసలు ఫ్యాషన్ జోలికి పోకుండా మోచేతి దాకా రవిక వేయండి.

కాలేజీ అమ్మాయిలు ఓణీలు వేసేవారా, పంజాబీ డ్రెస్సులా?

చాలా ఊళ్ళల్లో లంగా ఓణీలే, డిగ్రీకి వచ్చాక చీరలు. హైదరాబాద్‌లో ముస్లిం కుటుంబాల్లో సల్వార్ కమీజ్ ఎప్పట్నుంచో ఉంది. మిగతా ఇళ్ళల్లో అది పంజాబీ డ్రెస్ పేరుతో విస్తరించింది ఎక్కువగా ఎనభైల్లోనే. మాక్సీ, బెల్ బాటమ్ మీద కుర్తీ వేసుకున్న అమ్మాయిలు ఆబిడ్స్ వైపో, వైజాగ్ బీచ్‌లోనో కనిపించేవారు. చిన్న ఊళ్ళల్లో వేసుకుంటే వీధంతా వాకిట్లోకి వచ్చి చూసేది.

బాబీ ప్రింట్ అంటే చుక్కల గుడ్డేనా?

అవును. హిందీ ‘బాబీ’ 1973లో వచ్చాక, అందులో డింపుల్ కపాడియా వేసిన చుక్కల డిజైన్‌కు ఆ పేరు అంటుకుంది. బట్టలకు ఎప్పట్నుంచో ఉన్న చుక్కలే, పేరు కొత్తది, అంతే. గుడ్డల కొట్లలో ఆడిన సినిమా పేరు చీరకు పెట్టడం అప్పుడు మామూలు వ్యాపారం. ఆ సినిమాలో నడిపిన రాజ్‌దూత్ చిన్న బండిని కూడా జనం బాబీ అనే పిలిచారు. అయితే రెట్రో డే అనగానే పదిమంది అమ్మాయిలూ చుక్కల చీరలతో దిగడం చూసి చూసి విసుగొచ్చింది. పెద్ద పువ్వుల నైలాన్ చీర దొరికితే అదే నయం.

## ఎక్కడెక్కడి ప్రభావం

హిప్పీలకూ మన బట్టలకూ ఏం సంబంధం?

ఇది వెళ్ళి తిరిగొచ్చిన సరుకు. బీటిల్స్ 1968లో రిషీకేశ్ వచ్చారు. యూరప్ నుంచి ఇస్తాంబుల్, టెహ్రాన్, కాబూల్ మీదుగా బస్సుల్లో, వ్యాన్లలో కుర్రకారు గోవాకూ కాఠ్మండూకూ దిగేవారు. వాళ్ళకు మన లాల్చీ, పల్చటి నూలు గుడ్డ, పూసల దండలు, అచ్చు గుడ్డలు నచ్చాయి. వాటికి అక్కడ గిరాకీ పెరిగి, మన దేశం నుంచి నూలు చొక్కాల ఎగుమతి కూడా పెరిగింది. ఇరాన్ విప్లవం, అఫ్గానిస్తాన్‌లోకి సోవియట్ సేనల రాకతో 1979లో ఆ దారి మూసుకుపోయింది.

తమాషా ఏమిటంటే, వాళ్ళు వేసుకున్న మన కుర్తాను 1971లో హిందీ ‘హరే రామ హరే కృష్ణ’లో జీనత్ అమాన్ ఒంటి మీద చూశాక గానీ మన నగరాల కుర్రాళ్ళకు అది ఫ్యాషన్‌గా కనిపించలేదు. తాతయ్య వేస్తే పాత లాల్చీ, జీనత్ వేస్తే కొత్త స్టైల్. మచిలీపట్నం అచ్చు కలంకారీకీ, శ్రీకాళహస్తి చేతిరాత కలంకారీకీ నగరాల్లో మళ్ళీ మర్యాద రావడంలో ఈ గాలి పాత్ర కొంతే. యాభైల నుంచి కమలాదేవి చటోపాధ్యాయ వంటివారు హస్తకళల బోర్డు ద్వారా చేసిన కృషి దానికన్నా చాలా పెద్దది.

దుబాయ్ నుంచి తెచ్చిన చీరలకు అంత మోజెందుకు?

దిగుమతి సుంకాలు భారీగా ఉండటంతో విదేశీ గుడ్డ కొట్లో దొరికేది కాదు. 1973లో చమురు ధరలు పెరిగాక గల్ఫ్‌లో పనులు పెరిగాయి. హైదరాబాద్, కరీంనగర్, కడప, కోనసీమల నుంచి వెళ్ళినవాళ్ళు సెలవుల్లో వచ్చేటప్పుడు పెట్టెల్లో టేప్ రికార్డరూ, సెంటూ, జపాన్ పాలిస్టర్ గుడ్డా తెచ్చేవారు. మద్రాసులో బర్మా బజార్ కూడా ఇలాంటి సరుక్కు పేరు మోసింది. ఫారిన్ సరుకు అన్న ఒక్క మాటకే పెళ్ళివారింట్లో విలువ ఉండేది. మన మిల్లులు ఆ నాణ్యత అందుకున్నాక కూడా ఆ మోజు చాలా కాలం పోలేదు.

టీవీ చూసి నేర్చుకున్నారా?

లేదు. హైదరాబాద్ దూరదర్శన్ 1977లోనే మొదలైంది, అదీ కొద్ది ఇళ్ళల్లో. ఫ్యాషన్ చూపించింది సినిమా, పోస్టర్లు, ‘విజయచిత్ర’ లాంటి సినిమా పత్రికల బొమ్మలు. వారపత్రికల్లో బాపు గీసిన అమ్మాయిలు ఇంకో వైపు లాగేవారు: పొడుగాటి జడ, ఓణీ, పెద్ద కళ్ళు. ఆ రోజుల్లో కూతురికి నైలెక్స్ చీర కొనిపెడుతూనే బాపు బొమ్మలా ఉండాలని ఆశపడిన తల్లులు తక్కువేమీ కాదు.

## ఇప్పుడు వేసుకోవాలంటే

బూట్ కట్ జీన్స్ ఉన్నాయి, బెల్ బాటమ్ బదులు సరిపోతాయా?

దూరం నుంచి ఫర్వాలేదు, దగ్గరి షాట్‌లో దొరికిపోతారు. బూట్ కట్ నడుము కిందికి ఉంటుంది, కింద అంత వెడల్పు రాదు. పైగా మన ఊళ్ళల్లో అప్పుడు డెనిమ్ అరుదు. పాత సూటింగ్ ప్యాంటు మోకాలి కింద కుట్టు విప్పి, రెండు వైపులా త్రికోణపు ముక్క వేయించండి. తక్కువ ఖర్చులో అయిపోతుంది.

తళతళలాడే డిస్కో చొక్కా వేస్తే?

అది ఎనభైల నాటిది. అమెరికాలో డిస్కో ఊపు డెబ్బైల్లోనే వచ్చినా, మన జనంలోకి దిగేసరికి 1980 దాటింది. 1975 నాటి కథలో మెరుపుల చొక్కా వేస్తే తెలిసినవాళ్ళు పట్టేస్తారు.

అమ్మమ్మ నైలాన్ చీర ఇచ్చింది. కట్టుకోవచ్చా, ఎలా చూసుకోవాలి?

నిక్షేపంగా కట్టుకోండి. ఒక్కటే భయం, నిప్పు. నైలాన్, పాలిస్టర్ మంట అంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటాయి. ఆ రోజుల్లో కిరోసిన్ స్టవ్‌ల దగ్గర ఇలాంటి చీరలతో జరిగిన ప్రమాదాలు అన్నీ ఇన్నీ కావు. జ్యోతి ప్రజ్వలన చేసేది మీరే అయితే పైట కొంగు నడుములో దోపుకోండి, లేదా ఆ పని నూలు చీర కట్టుకున్నవాళ్ళకు అప్పజెప్పండి. జారుతుంది కాబట్టి లోపల కాటన్ లంగా వేసుకుని పిన్నులు పెట్టుకోండి. చల్లని నీళ్ళలో చేత్తో ఉతికి నీడలో ఆరేయండి, నైలాన్ తెలుపు ఎండకు పసుపెక్కుతుంది. ఇస్త్రీ తప్పదనుకుంటే పెట్టె వేడి బాగా తగ్గించి, పైన పల్చటి నూలు గుడ్డ పరిచి చేయండి.